బ్యాటరీకి జానెడు దూరంలో

ఆటో ఎలక్ట్రీషియన్ పనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళున్నాను. కార్లకీ, వ్యాన్లకీ, సినిమా వాళ్ళ బండ్లకీ వైరింగ్ చేశాను. ఏ హీరో కారు బాగుచేశానో, ఎవరు భుజం తట్టారో రాయమని మా వాళ్ళు అంటుంటారు. అవి చదవడానికి బాగానే ఉంటాయి గానీ పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు. కింద పడుకున్నవాడికి హీరో కారైనా, కూరగాయల బండైనా ఆయిలు పడేది మొహం మీదే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పదగ్గది ఒక పికప్ సంగతి. దాన్ని చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. తప్పు నాది, కాలింది ఇంకొకరి చెయ్యి. అందుకని.

ఉస్తాద్ గోనెసంచి

మాది తణుకు దగ్గర పల్లె. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి ఒక్కో మూటా సర్దుకుని ఇటు వస్తున్న రోజుల్లో, ఎనభైల మొదట్లో, నేనూ హైదరాబాదు వచ్చాను. యూసుఫ్‌గూడలో ఖాదర్ ఉస్తాద్ షెడ్డులో పనికి కుదిరాను. మనిషికి కోపం ఎక్కువ. పని బాగుందని నోటితో ఎప్పుడూ అనేవాడు కాదు. బాగాలేకపోతే మాత్రం వీధి చివరిదాకా వినపడేది.

మొదటి వారం నా చేతికి టెస్టర్ కూడా ఇవ్వలేదు. షెడ్డు మూల ఒక గోనెసంచి ఉండేది, దాని నిండా కాలిపోయిన వైర్లు. ఒక్కో చుట్టా తీసి, మంట ఎక్కడ మొదలైందో చూసి చెప్పమనేవాడు. తొడుగు ఎక్కడ పొంగింది, రాగి ఎక్కడ నల్లబడింది, ఎక్కడ పూసలా కరిగి ముద్దయింది, అన్నీ చూడాలి. వారం రోజులూ నా వేళ్ళు మసి వాసన కొట్టాయి. అన్నం సహించేది కాదు.

వారం అయ్యాక అడిగాడు. "ఫ్యూజు దేన్ని కాపాడుతది?"

"బల్బుని" అన్నాను.

"కాదు బేటా. బల్బు పోతే ఇంకో బల్బు దొరుకుతది. ఫ్యూజు వైరును కాపాడుతది. వైరు అంటుకుంటే బండి అంటుకుంటది, బండిల మనిషి ఉంటడు. గందుకే మొదటి ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంల ఉండాలె. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న వైరుకు అల్లానే దిక్కు."

ఆ మాట నాకు అర్థమైంది. కానీ అర్థం కావడం వేరు, భయం పుట్టడం వేరు. భయం పుట్టడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది.

పికప్‌కి రెండో ఫ్యూజు బాక్సు

ఆ ఆరేళ్ళలో ఉస్తాద్‌కి మోకాళ్ళు పట్టేసి, షెడ్డుకి రోజూ రావడం తగ్గిపోయింది. పనంతా నేనే చూసుకునేవాణ్ణి. నాకు పేరు కూడా వచ్చింది. ముఖ్యంగా సినిమా బండ్లకి రెండో ఫ్యూజు బాక్సు బిగించడంలో.

దాని అవసరం ఏమిటంటే, కంపెనీ వాళ్ళు పికప్‌కి ఇచ్చేవి నాలుగు ఫ్యూజులు. హెడ్‌లైట్లకీ, హారన్‌కీ, వైపర్‌కీ అవి సరిపోతాయి. సినిమా యూనిట్ వాళ్ళు ఆ బండి మీద కెమెరా పెడతారు, రెండు పెద్ద హాలోజన్ లైట్లు పెడతారు, డైరెక్టరు గారి మైకు, ఒక ఫ్యాను, కెమెరా బ్యాటరీల చార్జింగు, అన్నీ ఆ నాలుగింటి మీదే వేలాడదీస్తారు. ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెడతారు. నేను అలాంటి బండ్లకి బ్యాటరీ నుంచి లావు వైరు ఒకటి విడిగా లాగి, ఆరు ఫ్యూజుల బాక్సు వేరే బిగించేవాణ్ణి. లైట్లకి ఒకటి, మైకుకి ఒకటి, ఇలా దేని ఫ్యూజు దానికి. ఒకటి పోయినా మిగతావి నడుస్తాయి.

ఒక వేసవిలో ప్రొడక్షన్ మేనేజర్ మూర్తి గారు తమ యూనిట్ పికప్‌ని షెడ్డుకి పంపించారు. వెనకాలే ఆయనా వచ్చారు.

"సత్యం గారూ, రేపు ఛేజ్ షాట్ అండీ. కొండ మీద కెమెరా ఎక్కించాక లైట్లు ఆరిపోయాయనుకోండి, డైరెక్టర్ గారు నన్ను ఆర్పేస్తారు."

ఆ బండి డ్రైవరు మల్లేష్. షేక్‌పేట మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి. జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని బండికి ఏ రోజు ఏ పని జరిగిందో రాసుకునేవాడు. అలాంటి డ్రైవర్ని నేను ఇంకొకణ్ణి చూడలేదు. నేను పని చేస్తున్నంతసేపూ పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"గీ లావు వైరు ఏంది అన్నా?"

చెప్పాను. అతను వినేకొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది. మెయిన్ ఫ్యూజు ఎక్కడ పెడుతున్నానో కూడా చూపించాను. బ్యాటరీ దగ్గర కాదు, క్యాబిన్‌లో, డ్రైవరు ఎడమ కాలి పైన, ఆరు ఫ్యూజుల బాక్సులోనే ఒక చివర.

"బానెట్ కింద వేడి, వానొస్తే నీళ్ళు. ఫ్యూజు పోతే నువ్వు ఎండలో బానెట్ ఎత్తుకుని వెతుక్కోవాలి. ఇదైతే కూర్చున్నచోటే మార్చుకోవచ్చు" అన్నాను.

"మస్తున్నది అన్నా" అని బొమ్మ గీసుకున్నాడు. బ్యాటరీ, లావు వైరు, రేకులో రంధ్రం, లోపల బాక్సు. బాక్సు కింద నా పేరు కూడా రాసుకున్నాడు.

ఉస్తాద్ చెప్పిన జానెడు లెక్క గుర్తులేక కాదు. పాతకాలం మాట అనుకున్నాను. అప్పటికే మూడు బండ్లకి అలా బిగించాను, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని మించిన చెడ్డ గురువు ఈ పనిలో ఇంకొకడు లేడు.

జేబులో రబ్బరు రింగు

మర్నాడు పొద్దున మూర్తి గారు నా నెత్తిన కూర్చుని చివరి స్క్రూలు బిగింపించి, తొమ్మిదింటికి బండి తీసుకుపోయారు. పదకొండింటికి నేను ఒక కారు కింద నుంచి లేచి, పెన్సిల్ కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది. రబ్బరు రింగు.

ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకుకి రంధ్రం వేసి, అందులోంచి వైరు లోపలికి తీసుకెళతాం. ఆ రంధ్రం అంచు బ్లేడులా ఉంటుంది. అది వైరుని కొయ్యకుండా ముందు ఈ రింగు తొడగాలి. నేను తొడగలేదు.

ఫ్యూజు బ్యాటరీ పక్కన ఉండి ఉంటే ఇది చిన్న మరపు. అంచు వైరుని కోసినా, రాగి రేకుని తాకగానే ఫ్యూజు పోతుంది, లైట్లు ఆరతాయి, మూర్తి గారు తిడతారు, అంతే. కానీ నా ఫ్యూజు రంధ్రం దాటాక, లోపల ఉంది. వైరు రంధ్రం దగ్గర రేకుని తాకిందంటే మొత్తం బ్యాటరీ బలం ఆ వైరులోనే ఖర్చవుతుంది. ఆపేది ఏదీ లేదు. ఉస్తాద్ సంచిలోని వైర్లన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందుకొచ్చాయి.

ఆ బండి వెళ్ళింది ఫిల్మ్‌నగర్ కొండ దారిలో గతుకుల మీద పరిగెత్తడానికి. వెనక కెమెరాతో ఆరుగురు మనుషులు.

అప్పట్లో ఎవరి దగ్గరా ఫోన్లు లేవు. స్కూటర్ తీశాను. టూల్ సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని చెక్‌పోస్టు వైపు పోనిచ్చాను. మలుపు దగ్గర ఎవరో చెత్త తగలబెడుతున్నారు. ఆ పొగ చూసి స్కూటర్ ఇంకా వేగం పెంచాను. దగ్గరికొచ్చాక ఎండుటాకులు అని తెలిసింది. ఊపిరి పీల్చుకున్నాను కానీ భయం తగ్గలేదు. అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ప్రతి బండ వెనకా పొగ ఉన్నట్టే అనిపించింది.

మూడు టేకులు

ఫిల్మ్‌నగర్ వెనక బండల మధ్య కొత్తగా వేసిన ఒక దారి ఉండేది, అప్పటికి దాని మీద ఇళ్ళు రాలేదు. షూటింగ్ అక్కడ. తాడు కట్టిన చోట అసిస్టెంట్ డైరెక్టర్ నన్ను ఆపేశాడు.

"షాట్ రెడీ అవుతోంది. కదలకండి."

"పికప్ చూడాలండీ. వైరింగ్..."

"అయ్యాక చూడండి. ఇప్పుడు ఫ్రేములోకి వచ్చారంటే నా ఉద్యోగం పోతుంది."

పికప్ ముందు, హీరో జీపు వెనక. పికప్ మీద కెమెరామన్, ఫైట్ మాస్టర్, ఇంకా నలుగురు. ఒక కుర్ర అసిస్టెంట్ కెమెరామన్ పడిపోకుండా నడుముకి తాడు కట్టి వెనక కమ్మీకి బిగించారు. బండి దుమ్ము లేపుకుంటూ దిగింది. ప్రతి గతుక్కీ వైరు ఆ అంచు మీద ఒకసారి రాసుకుంటోందని నాకు తెలుసు. నేను గతుకులు లెక్కపెట్టాను. పంతొమ్మిది.

దర్శకుడికి నచ్చలేదు. ఇంకోసారి అన్నాడు. ఇంకో పంతొమ్మిది.

ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాయాలి. నేను తాడు దాటి పరిగెత్తవచ్చు. చేతులూపి "ఆపండి, నేను తప్పు చేశాను" అని అరవచ్చు. రీలు పాడవుతుంది, నా పేరు పోతుంది, అంతేగా. నేను అరవలేదు. మూడో టేకు కూడా నిలబడే చూశాను. రబ్బరు రింగు పిడికిట్లో పట్టుకుని, ఆరుగురి ప్రాణాల ఎదురుగా నా పేరు పెట్టుకుని నిలబడ్డాను.

మూడోది ఓకే అయింది. బండి ఆగగానే పరిగెత్తి బానెట్ ఎత్తాను. ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, రంధ్రం దగ్గర వేలు పెట్టి వైరు తిప్పి చూశాను. ఎర్ర తొడుగు తెగింది. లోపల వెంట్రుకంత సన్నగా రాగి మెరుస్తోంది. ఇంకో టేకుకి ఆగేది కాదు.

రెండు అబద్ధాలు

మల్లేష్ దిగి వచ్చాడు. "ఏమయింది అన్నా? గింత దూరం వచ్చినవ్?"

"ఏం లేదు. టెర్మినల్ ఒకటి వదులుగా ఉందేమోనని అనుమానం వచ్చింది" అన్నాను.

అదే నోటితో ఇన్సులేషన్ టేపు కొరికి, తెగిన చోట చుట్టి, రింగు తొడిగాను. మూర్తి గారు వచ్చి అందరి ముందూ నా భుజం మీద చెయ్యేశారు. "చూశారా, పని అప్పజెప్పాక కూడా వచ్చి చూసుకునే మనిషి. ఇలాంటివాళ్ళు ఏరండీ ఇప్పుడు?" నేను తల వంచుకున్నాను. అది వినయం అనుకున్నారు.

ఆ సాయంత్రం బండిని షెడ్డుకి రప్పించి, ఆ వైరు తీసేసి కొత్తది వేశాను. మెయిన్ ఫ్యూజుని బ్యాటరీకి జానెడు దూరంలోకి మార్చాను. మల్లేష్ అప్పుడు టీ తాగడానికి వెళ్ళాడు. అతను వచ్చేసరికి బానెట్ మూసేశాను.

ఆ రోజు ఉస్తాద్ షెడ్డుకి వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తీసేసిన వైరు చేతిలోకి తీసుకుని, కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు.

"డ్రైవర్‌కు చెప్పినవా?" అని మాత్రం అడిగాడు.

"చెప్పాను ఉస్తాద్."

ఆయన వైరుని గోనెసంచిలో పడేశాడు.

అంతకుముందు బిగించిన మూడు బండ్లూ నాకు గుర్తొచ్చాయి. వాటికి రింగులు తొడిగాను కదా, పర్వాలేదులే అని సర్దిచెప్పుకున్నాను. అయినా కొన్నాళ్ళు నిద్ర సరిగా పట్టలేదు. తరవాత పట్టింది. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

మల్లేష్ ఎడమ చెయ్యి

రెండు నెలల తరవాత నాకు పచ్చకామెర్లు వచ్చి మూడు వారాలు మంచం మీద ఉన్నాను. ఆ మూడు వారాల్లో మూర్తి గారి యూనిట్ ఇంకో పికప్ కొనడం, మల్లేష్‌ని దాని మీదకి మార్చడం జరిగాయి. దానికీ రెండో ఫ్యూజు బాక్సు కావాలన్నారు. నేను లేనని కృష్ణానగర్‌లో సూరిబాబు అనే ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చారు. సూరిబాబు చెడ్డ పనివాడు కాదు. కానీ ఇలాంటి బాక్సు బిగించడం అతనికి అదే మొదలు. మల్లేష్ తన నోటు పుస్తకం తీసి బొమ్మ చూపించాడు.

"సత్యం అన్న గిట్ల బిగించిండు. గిట్లనే బిగియ్యి."

సూరిబాబు అలాగే, మెయిన్ ఫ్యూజు క్యాబిన్‌లోనే పెట్టి బిగించాడు. బొమ్మలో రింగు లేదు. మల్లేష్ బొమ్మ గీసేటప్పటికి నేను రింగు తొడగలేదు కాబట్టి అందులో రాలేదు.

షేక్‌పేట వైపు దిగే వాలులో, మధ్యాహ్నం, బండి నడుస్తుండగా అంటుకుంది. క్యాబిన్‌లోకి పొగ రాగానే మల్లేష్ ఆపాడు. వెనక ఉన్నవాళ్ళు దూకేశారు. ఒక్క కుర్రాడు మాత్రం దూకలేకపోయాడు. అదే అసిస్టెంట్ కెమెరామన్, నడుముకి తాడు, ముడి ఊడదు. మల్లేష్ బానెట్ ఎత్తాడు. లావు వైరు ఎర్రగా కాలుతోంది. చుట్టూ చూశాడు, గుడ్డ లేదు, కటింగ్ ప్లయరు లేదు. కుడిచేత్తో బానెట్ పట్టుకుని, ఎడమ చేత్తో ఆ వైరుని పట్టి బ్యాటరీ మీంచి పీకేశాడు.

మంట అక్కడితో ఆగింది. కుర్రాడికి ఏమీ కాలేదు.

నేను బంజారా హిల్స్ ఆసుపత్రికి వెళ్ళేసరికి మూడో రోజు. మల్లేష్ ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు. నన్ను చూసి లేవబోయాడు.

"అన్నా, నీ ఒంట్ల ఇంకా బాగ కాలే, ఎందుకొచ్చినవ్?" అని, కాసేపాగి మళ్ళీ అన్నాడు. "నువ్వు బిగించినట్టే బిగియ్యమన్న. నేను బొమ్మ యాడనో తప్పు గీసుకున్న. సూరిబాబును పనికెల్లి తీసేసిన్రు. నా వల్లనే."

నేను బల్ల మీద కూర్చున్నాను. వచ్చేదారిలో ఏమేమో అనుకున్నాను, పరామర్శించి, పళ్ళు ఇచ్చి, వచ్చేద్దామని కూడా అనుకున్నాను. ఆ మనిషి తన బొమ్మ తప్పని ఏడుస్తుంటే ఇక కుదరలేదు.

"బొమ్మ సరైందే మల్లేష్. నా పనే తప్పు" అన్నాను. మొత్తం చెప్పాను. జేబులో రింగు, మూడు టేకులు, టెర్మినల్ వదులన్న అబద్ధం, అతను టీకి వెళ్ళినప్పుడు ఫ్యూజు మార్చడం, అన్నీ.

అతను కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని లేచి కూర్చున్నాడు. తిట్టినా, కొట్టినా బాగుండునని నాకనిపించింది. చివరికి నా వైపు తిరిగి అడిగాడు.

"ఇంకెన్ని బండ్లకు గట్ల బిగించినవ్?"

"మూడు."

"యాడున్నయ్?"

నా తప్పు అతని చెయ్యి దగ్గర ఆగిపోయిందని నేను అనుకున్నాను. అతను అప్పటికే మిగతా డ్రైవర్ల గురించి ఆలోచిస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నన్ను ఎవరూ అంతకంటే పెద్ద ప్రశ్న అడగలేదు.

మూడు బండ్లు

ముందు మూర్తి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన విన్నారు. "అందరి ముందూ మిమ్మల్ని మెచ్చుకున్నానే" అన్నారు, అంతే. సూరిబాబుని మళ్ళీ పిలిపించారు. నన్ను పిలవడం మానేశారు. సూరిబాబు తరవాత నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పనను.

ఉస్తాద్‌కీ చెప్పాను. "నాకు ఎరుకే. డ్రైవర్‌కు చెప్పినోని మొఖం గట్లుండది" అన్నాడు.

మల్లేష్ ఆసుపత్రి నుంచి రాగానే, కట్టు కట్టిన చేత్తోనే నా స్కూటర్ వెనక ఎక్కాడు. ఏ బండి ఏ డ్రైవరు దగ్గర ఉందో అతనికి తెలుసు. మొదటిది యూనిట్లకి భోజనాలు తెచ్చే ఒక హోటల్ వ్యాను. యజమాని నవ్వాడు. "ఇన్నాళ్ళూ బాగానే నడిచింది కదయ్యా, ఇప్పుడేంటి కొత్తగా?" అన్నాడు. నేను ఫ్యూజు గురించి ఏదో వివరించబోయాను. మల్లేష్ కట్టు కట్టిన చెయ్యెత్తి చూపించాడు. యజమాని తాళాలు ఇచ్చాడు. రెండోది లైట్లు అద్దెకిచ్చే వాళ్ళ బండి. వాళ్ళు నన్ను బండి ముట్టుకోనివ్వలేదు, కానీ ఇంకొకరి చేత ఫ్యూజు బ్యాటరీ దగ్గరికి మార్పించుకున్నారు. మేము దూరంగా నిలబడి అది పూర్తయ్యేదాకా చూసి వచ్చాం.

మూడోది, తెల్ల పికప్, అప్పటికే అమ్మేశారు. కొన్నవాడు జహీరాబాద్ వైపు కూరగాయల వ్యాపారి అని మాత్రం తెలిసింది. రెండు ఆదివారాలు వెళ్ళాం. మార్కెట్లో నిలబడి, కనపడిన ప్రతి తెల్ల బండి బానెట్ ఎత్తమని బతిమాలాం. కొందరు ఎత్తారు, కొందరు దొంగలనుకున్నారు. అది దొరకలేదు. అతను ఇంకొకరికి అమ్మేశాడని ఎవరో అన్నారు, ఎవరికో తెలియదు.

మల్లేష్ ఎడమ చేతి రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. గేరు పట్టడం కష్టమై డ్రైవింగ్ మానేశాడు. ఏడాదికి మూర్తి గారు అతన్ని యూనిట్ బండ్లన్నిటికీ ఇన్‌చార్జిగా పెట్టారు. ఏ పని జరిగినా, చేసినవాడు డ్రైవరు ఎదుట నిలబడి, ఏం చేశాడో, ఏం చెయ్యడం మర్చిపోయాడో చెప్పి వెళ్ళాలన్నది అతను పెట్టిన నియమం. చాలామంది ఎలక్ట్రీషియన్లు విసుక్కున్నారు. మూర్తి గారు నన్ను మళ్ళీ పిలిచాక నేనూ అలా నిలబడి చెప్పాను, రిటైరయ్యేదాకా.

కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే. తప్పు చెయ్యకండి అని చెప్పను, చేస్తారు. తప్పు దిద్దేటప్పుడు చాటుగా దిద్దకండి. మీరు దిద్దింది ఒక్క బండినే. మీ తప్పుని చూసి నేర్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో మీకు తెలియదు.

ఆ తెల్ల పికప్ ఈపాటికి తుక్కులోకి పోయి ఉంటుంది. ఏ బండీ ఇన్నేళ్ళు బతకదు. దానికి నేను తొడిగిన రబ్బరు రింగు కూడా అన్నేళ్ళు నిలవదు, ఎండకి పెళుసెక్కి రాలిపోతుంది. తుక్కులోకి పోయేలోపు దాన్ని ఎంతమంది నడిపారో, ఏ వాలులో ఎవరిని ఎక్కించుకుని దిగారో, ఆ లావు వైరు ఎన్ని గతుకులు ఓర్చుకుందో నాకు తెలియదు. అడుగుదామంటే మనుషులెవరో కూడా తెలియదు.